భువనగిరి కోట

భువనగిరి కోట తెలంగాణ రాష్ట్రంలో యాదాద్రి భువనగిరి జిల్లా కేంద్రమైన భువనగిరి పట్టణంలో, ఏకశిలపై నిర్మింపబడిన గిరిదుర్గము. చుట్టుపక్కల నేలమట్టం నుండి ఈ శిల 500 అడుగులకు పైగా ఎత్తు ఉంటుంది. హైదరాబాదు - వరంగల్లు రహదారిపై, హైదరాబాదుకు సుమారు 50 కి.మీ. దూరంలో ఉన్న ఈ పట్టణాన్ని ఉదయం వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్ళే యాత్రికులు ఎక్కువగా దర్శిస్తారు. ఒక్క శిలను ఎక్కి దిగేలోగా చాళుక్యుల కాలం నుండి ఆసఫ్ జాహీల కాలం వరకు గల తెలంగాణ చరిత్రను క్రమంగా పరిశీలించే అవకాశం కలగడం ఈ స్థల విశేషం.

పేరు

కళ్యాణి రాజధానిగా పాలించిన పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు (పాలన 1076 - 1126) ఈ కోటను కట్టించాడని ప్రసిద్ధి. ఆయన బిరుదు "త్రిభువనమల్ల". ఆ బిరుదును బట్టి ఈ కొండకు త్రిభువనగిరి అని పేరు కలిగి, కాలక్రమేణా భువనగిరి అయినది. వ్యవహారంలో "బోనగిరి" అనే రూపం కూడా ఉన్నది. ఆంగ్లేయుల వ్రాతలలో ఇది "భోంగీర్"గా మారింది. రైల్వే స్టేషను పేరులో నేటికీ ఆ రూపమే కనిపిస్తుంది.

శిల స్వరూపం

తెలంగాణ పీఠభూమిలో అధికభాగం సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలలతో ఏర్పడినది. ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించే క్రమంలోను, పైనున్న పొరల బరువు తొలగడం వలనను ఇటువంటి శిలలు ఉల్లిపొరల వలె పలకలుగా ఊడిపోతాయి. అందువలన మిగిలిన రాయి నున్నగా, గుమ్మటం ఆకారంలో తయారవుతుంది. భువనగిరి కొండ ఇందుకు చక్కని ఉదాహరణ. దూరం నుండి చూచినపుడు ఇది నేలపై పెట్టిన పెద్ద గ్రుడ్డు వలె కనిపిస్తుంది.

కోటకు ప్రధానమైన రక్షణ ఈ నునుపే. శత్రువులు నిచ్చెన ఆనించడానికి గాని, గుర్రాలను నడిపించడానికి గాని చాలావైపుల ఆధారం దొరకదు. కనుక ఎక్కడానికి వీలున్న చోట్ల మాత్రమే గోడలు, బురుజులు, ద్వారాలు కట్టి, మిగిలిన భాగాన్ని రాతికే వదిలివేశారు. దారి తిన్నగా పోక వంపులు తిరుగుతుంది. ద్వారం ఎదుటకు వచ్చిన శత్రుసేన వేగం తగ్గి, పై గోడలమీది వారికి గురి అవుతుంది.

కొండకోటలలో అసలు సమస్య నీరు. ముట్టడి నెలల తరబడి సాగితే గోడల కంటె నీరే కోటను నిలబెడుతుంది. ఇక్కడ వర్షపు నీరు రాతి వాలుమీదుగా జారి పల్లములలో చేరే విధంగా తొట్లు, కొలనులు ఏర్పాటు చేశారు. శిఖరంపై అంతఃపుర భవనం శిథిలావస్థలో ఉన్నది.

చరిత్ర

చాళుక్యుల అధికారం క్షీణించిన తరువాత ఈ ప్రాంతం కాకతీయుల వశమైనది. కాకతి రుద్రదేవుడు స్వతంత్రతను ప్రకటించిన విషయం 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం వలన తెలుస్తున్నది. కాకతీయ రాజ్యం 1323లో పతనమైన పిమ్మట ఈ కోట పలువురు పాలకుల చేతులు మారి, గోలకొండ కుతుబ్ షాహీల ఏలుబడిలోనికి వచ్చినది. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించడంతో మొగలు అధికారుల స్థావరమైనది. 1724 తరువాత ఆసఫ్ జాహీల పాలనలో ఉన్నది.

ఆధునిక చరిత్రలోను భువనగిరికి స్థానం కలదు. 1944లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ పదకొండవ సమావేశాలు రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఇక్కడ జరిగినవి. ఈ సందర్భంలోనే మితవాదులు, అతివాదులు విడిపోయారు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి దారితీసిన పరిణామాలలో ఇది ముఖ్యమైనది.

సర్వాయి పాపన్న దాడి

ఈ కోట చరిత్రలో మిక్కిలి చర్చనీయమైన ఘట్టం 1708 నాటిది. కల్లుగీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న తాటికొండ వద్ద కొండకోటను స్థావరం చేసుకొని మొగలు అధికారులను, స్థానిక జమీందారులను ఎదిరించాడు. ఈ తాటికొండ నేటి జనగామ జిల్లాలో, చిల్పూర్ సమీపాన స్టేషన్ ఘన్‌పూర్ మండలంలో ఉన్నది. జనగామ జిల్లాలోనే ఉన్న ఖిలాషాపూర్ ఆయన మరొక ముఖ్య స్థావరం.

1708లో మొహర్రం సమయాన వరంగల్లుపై దాడిచేసిన పాపన్న, అదే సంవత్సరం జూన్ 1న, మహమ్మదు ప్రవక్త జన్మదినోత్సవం నాటి రాత్రి, భువనగిరిపై పడ్డాడు. జనం ఉత్సవాలలో ఉండే రాత్రులను ఎంచుకొనడం రెండు దాడులలోను కనిపిస్తుంది. సంపదతో పాటు మనుషులను కూడా ఆయన బందీలుగా తీసుకొనిపోయాడు. చివరకు మొగలు సేనలు ఆయన కోటలను ముట్టడించి, 1710లో ఆయనను పట్టి చంపాయి.

మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పాపన్నను క్రూరుడైన దోపిడీదారుగా వర్ణించాడు. తెలుగు జానపద గాథలలో ఆయన ప్రభువులను ధిక్కరించిన వీరుడు. ఆ గాథను జె.ఎ.బాయిల్ సేకరించి 1874లో ప్రచురించాడు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 2005లో వెలువడిన తన దక్కను సామాజిక చరిత్ర గ్రంథంలో ఒక అధ్యాయాన్ని పాపన్నకు కేటాయించాడు. పాపన్న అనుచరులలో హిందువులు, ముస్లిములు కూడా ఉన్నారు. ఎదిరించినవారిలోను ఇరు మతాలవారున్నారు. కాబట్టి దీనిని మతాల మధ్య పోరుగా చెప్పడం సరికాదు. అదే విధంగా, భువనగిరిలో బందీలైన సామాన్యులను మరచి కేవలం వీరగాథగా చెప్పినా చరిత్ర సంపూర్ణం కాదు. తెలంగాణలో ప్రతి సంవత్సరం ఆగస్టు 18న పాపన్న జయంతి జరుపుతున్నారు.

ఒకరోజు యాత్ర

చిల్పూర్ ప్రాంతం నుండి బయలుదేరువారికి ఘన్‌పూర్ రైల్వే స్టేషను అనుకూలం. కాజీపేట - సికింద్రాబాదు మార్గంలో జనగామ, ఆలేరు, రాయగిరి మీదుగా ప్రయాణించి భువనగిరి చేరవచ్చును. అన్ని రైళ్ళు చిన్న స్టేషన్లలో ఆగవు గనుక తిరుగు ప్రయాణపు రైలును ముందుగానే చూచుకొనవలెను. బస్సులు కూడా తరచుగా ఉంటాయి. కోట పట్టణం మధ్యలోనే ఉన్నందున బస్టాండు నుండి నడచి వెళ్ళవచ్చును.

క్రింది భాగంలో మెట్లు ఉన్నాయి. పై భాగంలో కొంతమేర వాలు రాతిపైననే నడవవలెను. మధ్యమధ్య ఆగుతూ పోయినచో సుమారు గంటలో శిఖరం చేరవచ్చును. పైనుండి పట్టణం, చెరువులు, రైలుమార్గం, దూరపు గుట్టలు కనిపిస్తాయి. ఈ రహదారిపై రాకపోకలను గమనించడానికి పాలకులు ఈ కొండనే ఎందుకు ఎంచుకొన్నారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

ఒంటరిగా వచ్చేవారు ఈ క్రింది విషయాలు గమనించడం మంచిది.

* గ్రానైటు రాయి ఎండవేడిని పట్టి ఉంచుతుంది. వేసవిలో ఉదయమే ఎక్కి, ఎండ ముదరకముందే దిగవలెను.
* వర్షం పడినపుడు నున్నని రాయి జారుతుంది. ఎక్కుట కంటె దిగుట ప్రమాదకరం. తడిరాతిపై కమ్మీల దారిని వదలరాదు.
* త్రాగునీరు వెంట తీసుకొని పోవలెను. కోటలోని కొలనుల నీరు త్రాగదగినది కాదు.
* ఎక్కడానికి ముందు ఇంటివారికి తెలియజేయడం, చీకటిపడకముందే దిగడం అవసరం.
* గోడలపై పేర్లు చెక్కరాదు.

సమయం మిగిలినవారు సమీపంలోని యాదగిరిగుట్టను గాని, ఆలేరు వద్ద ఉన్న కొలనుపాక జైన దేవాలయాన్ని గాని దర్శించవచ్చును. కొలనుపాక కూడా చాళుక్యుల కాలపు ముఖ్య పట్టణమే. చిల్పూర్ గుట్టపై బుగులు వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నది. "బుగులు" అనగా తెలంగాణ మాటలో దిగులు, భయం. కుబేరుని అప్పు తీర్చలేక దిగులుచెందిన స్వామి ఇక్కడ తపస్సు చేశాడని స్థలపురాణం.

పర్వతారోహణ శిక్షణ

ఒకనాడు శత్రువులను అడ్డగించిన ఈ నునుపురాయి నేడు శిలారోహణ నేర్చుకొనేవారికి శిక్షణాస్థలమైనది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి శిక్షణ పొందినది ఈ కొండపైననే. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు.

ఇతర దేశాలలో పోలిక

పోర్చుగల్ రాజధాని లిస్బన్ సమీపంలోని సింట్రా పట్టణం భువనగిరితో పోల్చదగినది. అదియును గ్రానైటు కొండల పట్టణమే. కొండపై మూర్ల కాలపు కోట ఉన్నది. 1147లో అది పోర్చుగల్ తొలి రాజు అఫోన్సో హెన్రిక్స్ వశమైనది. లిస్బన్ నుండి సుమారు 40 నిమిషాల రైలు ప్రయాణంతో ఒక్కరోజులో చూచి రావచ్చును. 1995లో యునెస్కో సింట్రాను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. అక్కడ కోటను మాత్రమే గాక కొండను, అడవిని, భవనాలను, తోటలను కలిపి ఒకే వారసత్వంగా పరిగణించారు. భువనగిరిలోను శిలను, కోటను, చెరువులను వేరుచేసి చూడలేము. శిలకు హాని కలిగితే కోట మిగలదు.

వర్గాలు: తెలంగాణ కోటలు, యాదాద్రి భువనగిరి జిల్లా, పర్యాటక ప్రదేశాలు