వేలంలో కారు చౌకగా వస్తోందా? బిడ్ వేసే ముందు ఇవి చూడాల్సిందే!

ఈఎంఐలు కట్టని వారి నుంచి స్వాధీనం చేసుకున్న కార్లను బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఆన్‌లైన్‌లో వేలం వేస్తుంటాయి. ధర తక్కువే. కానీ సాధారణంగా ‘ఎలా ఉన్నది అలాగే’ అనే షరతుతో అమ్ముతారు. అంటే కొన్నాక ఇంజిన్ మొరాయించినా ఆ భారం మీదే.

అందుకే ఫొటోలు చూసి బిడ్ వేయొద్దు. కారు ఉన్న యార్డుకు తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లండి. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో సరిపోయాయా చూడండి. పెండింగ్ చలాన్లు ఆన్‌లైన్‌లోనే తెలుస్తాయి. లోన్ తొలగింపునకు ఫామ్ 35 ఇస్తారా, ఆర్‌సీ మీ పేరుకు ఎలా మారుస్తారు అన్నది ముందే అడగండి. బండి వేరే రాష్ట్రానిదైతే ఎన్‌ఓసీ తప్పనిసరి, ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్ అదనం.

బిడ్ వేయాలంటే ముందు డిపాజిట్ కట్టాలి. ఓడిపోతే తిరిగిస్తారు. గెలిచి, గడువులోగా మిగతా డబ్బు కట్టకపోతే అది పోయినట్టే. ఏ చెల్లింపైనా సంస్థ ఖాతాకే చేయండి, ఏజెంట్ యూపీఐకి వద్దు.

రిపేర్లు, చలాన్లు, ట్యాక్స్, ఇన్సూరెన్స్ ఖర్చును మార్కెట్ రేటులోంచి తీసేయండి. మిగిలిందే మీ ఆఖరి బిడ్. పోటీలో పడి అది దాటితే, చౌక బేరం కాస్తా ఖరీదైపోతుంది!