అసలు చక్రం, నకలు చక్రం

తెలుగు ఎమ్మే చదివినవాడికి స్టీరింగు చక్రంతో పనేమిటని మీరు అడగవచ్చు. మా ఆవిడా ఆ మాటే అడిగింది. కాని వాళ్ళ నాన్నగారి అంబాసిడరు కారు వ్యవహారం నా నెత్తిన పడింది. అల్లుణ్ణి కదా, తప్పుతుందా?

మామగారు 30 ఏళ్ళు స్వయంగా నడిపిన కారు అది. చూపు తగ్గాక నడపడం మానేశారు గాని, రోజూ సాయంత్రం షెడ్డులో ఆ చక్రం పట్టుకుని కాసేపు కూర్చుంటారు. ఈమధ్య అది నాలుగుచోట్ల పగిలింది. పాత సామాన్ల వ్యాపారి ఒకాయన మరో చక్రం తెచ్చి, "ఫ్యాక్టరీ ఒరిజినల్ సార్! 12,000 రూపాయలు. మీ పగిలిన చక్రం ఇచ్చేస్తే 9,000కే ఇస్తాను" అన్నాడు.

పగిలిన చక్రానికి మూడు వేలా! ఎంత ధర్మాత్ముడో అనుకున్నాను. ఎందుకైనా మంచిదని, డబ్బిచ్చేముందు రెండు చక్రాలూ మా మెకానిక్ మేస్త్రి ముందు పెట్టాను.

"మాస్టారూ, ఒక పద్యం వేమన చెప్పిందో కాదో మీరెలా తేలుస్తారు?" అని అడిగాడాయన.

"భాష, ఛందస్సు, పాత ప్రతులు అన్నీ కలిపి చూస్తాం."

"ఇదీ అంతే. ఒక్క గుర్తు చూసి నమ్మకూడదు" అంటూ నాకు పాఠం మొదలుపెట్టాడు.

మొదటిది ముద్ర. నడుమనున్న హారను బొత్తాం మీద కంపెనీ గుర్తు చూసి మురిసిపోకూడదు. ఒకదాని బొత్తాం ఊడదీసి మరోదానికి బిగించడం చిటికెలో పని. చక్రం వెనక్కి తిప్పి చూడాలి. అసలు చక్రాన్నే అచ్చు తీసి నకలు పోస్తే, దానిమీది అక్షరాల అంచులు మొద్దుబారతాయి. పోసిన ప్లాస్టిక్కు గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది గనుక కొలతలూ కాస్త తగ్గవచ్చు. అంబాసిడరు 1950ల చివర మొదలై 2014 దాకా తయారైంది. ఇన్నేళ్ళలో చక్రాలూ మారాయి. అంచేత ఏ ఏటి కారుకు ఏ చక్రమో పాత విడిభాగాల పుస్తకంలో చూసుకుని, చుట్టుకొలత, మందం సరిపోల్చుకోవాలి.

రెండవది బొడ్డు. దాని లోపలి పళ్ళు స్టీరింగు కడ్డీ పళ్ళతో వదులు లేకుండా కుదరాలి. ఇది పాతదనపు ముచ్చట కాదు, ప్రాణాల సంగతి. పళ్ళు జారాయంటే చక్రం ఒకదారి, కారు ఒకదారి!

మూడవది అరుగుదల. పాత అంబాసిడర్లలో గేరు కడ్డీ చక్రం కిందే, ఎడమవైపున ఉంటుంది. ఎడమచేయి మాటిమాటికీ దానిమీదికి పోతుంది. కుడిచేయి మాత్రం చక్రాన్ని వదలదు. అందుకని కుడివైపే ఎక్కువ అరుగుతుంది. వ్యాపారి తెచ్చిన చక్రమో, చుట్టూ ఒకే తీరున అరిగింది! దాని స్పోకుల మూలల్లో కూడా (మన బండి చక్రానికైతే ఆకులంటాం) గరుకు కాగితం గీతలున్నాయి. అక్కడ ఎవరి చేయి ఆనుతుంది?

"కొత్త కాగితానికి టీ డికాక్షను పూసి పాత రాతప్రతి అన్నట్లుంది" అన్నాను.

అలాగని కొత్తదంతా దొంగసరుకు కాదు. ఇటలీలో ఎన్రికో నార్డీ అనే ఇంజనీరు చేసిన చెక్క స్టీరింగు చక్రాలు 1950లలో పెద్ద పేరు తెచ్చుకున్నాయి. ఆయన 1966లో పోయాక కూడా ఆ పేరుతో చక్రాలు తయారవుతూ వచ్చాయి. పేరు నిజమే, చక్రమూ మంచిదే. కాని 1950ల నాటి కారుతో పుట్టిందని అమ్మితే అబద్ధం. పుస్తకాల భాషలో చెప్పాలంటే తొలి ముద్రణ వేరు, పునర్ముద్రణ వేరు, దొంగ ముద్రణ వేరు. పునర్ముద్రణ కొనడం తప్పు కాదు. దానికి తొలి ముద్రణ ధర ఇవ్వడమే తెలివితక్కువ.

ఇంతకీ వ్యాపారి ధర్మగుణం మాటేమిటి? మేస్త్రి మా పగిలిన చక్రాన్ని చేతిలోకి తీసుకుని నవ్వాడు. "అసలైనది ఇది మాస్టారూ. అందుకే అడిగాడు. పగుళ్ళు పూడ్చి ఇంకెవరికైనా ఎక్కువకు అమ్ముకుంటాడు."

లోపలి ఉక్కు గట్టిగా ఉందని చూశాకే ఆయన మరమ్మతుకు ఒప్పుకున్నాడు. ఉక్కే తుప్పుపట్టి ఉంటే, నకలని చెప్పి అమ్మే మంచి నకలే మేలన్నాడు. పగుళ్ళలో ఎపాక్సీ నింపి, నునుపుచేసి, రంగువేశాడు. కుడివైపు బొటనవేలు ఆనిన చిన్న గుంట మాత్రం పూడ్చలేదు.

సాయంత్రం మామగారు కారులో కూర్చున్నారు. నేను నోరు విప్పలేదు. కొత్త రంగు వాసన తగిలిందేమో, "మార్చేశావా నాయనా?" అన్నారు దిగులుగా. అంతలో ఆయన కుడిచేయి చక్రం మీదుగా జరిగి ఒకచోట ఆగింది. బొటనవేలు ఆ గుంటలో కుదురుకుంది.

"లేదులే, నాదే" అన్నారు.

మేస్త్రి అన్ని పరీక్షలు చెప్పాడు గాని, ఈ పరీక్ష చెప్పలేదు.