రోడ్డు వెడల్పు చేయుటకు ముందు

ఒక పాత రోడ్డును వెడల్పు చేయవలెనని తలపెట్టినంతనే కంకర లారీలు వచ్చి నిలువవు. అంతకు ముందు నెలల తరబడి కొలతలును, లెక్కలును నడచును. చూచువారికి ఇది కాలయాపనవలె తోచును. కాని కాగితముపై గీతను చెరపుట సులభము. కట్టిన వంతెనను మార్చుట ఎవరి తరము?

మొదట ఆ దారిన పోవు బండ్లను ఏడు దినములు రాత్రింబవళ్లు లెక్కింతురు. అన్ని బండ్లను సమానముగా ఎంచరు. భారత రోడ్డు కాంగ్రెసువారు 1990లో ప్రకటించిన నియమములలో కారు ఒకటి యైనచో ఎద్దుబండి ఎనిమిది! మెల్లగా నడచుచు అది వెనుకవారిని ఆపును గదా.

పిమ్మట నేలను పరీక్షింతురు. గుంటూరు, కర్నూలు మున్నగు జిల్లాలలోని నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱెలు వాఱును. వేసవిలో దానిపై నడచి, "ఎంత గట్టి నేల!" అని మెచ్చుకొనువాడు మోసపోవును. అందుచేత ఆ మన్నును అచ్చులో దట్టించి, నాలుగు దినములు నీటిలో నాననిచ్చి, తరువాత దానిలోనికి ఉక్కు కడ్డీని దింపి, అది ఎంత బలముతో ఎదిరించునో చూతురు. నేల బలహీనమని తేలినచో పైపొరల మందమును పెంతురు, లేదా సున్నము కలిపి ఉబ్బును తగ్గింతురు.

అన్నిటికంటె చిక్కైనది నీరు. పల్లపు చేల నడుమ పోవు రోడ్డును మూడడుగులు ఎత్తు చేసితిమనుకొనుడు. ప్రయాణికులకు హాయియే. కాని ఆ కట్ట వాననీటికి ఆనకట్ట యగును. తూములు చాలనిచో ఎగువ చేలు మునుగును, ఊరిలోనికి నీరు వచ్చును, తుదకు కట్టయే తెగును. కావున వాగు ఎంత నేలనుండి నీటిని కొనివచ్చునో ఇంజనీరు పటమునుబట్టి లెక్కించును. అంతటితో ఊరకుండడు. ఊరిలోనికి పోయి, "వరద ఎచ్చటివరకు వచ్చినది, తాతా?" అని వృద్ధులను అడుగును. ఒకరు గుడి మెట్టును చూపుదురు, మఱియొకరు చింతచెట్టు మొదలును చూపుదురు. ఆ గుర్తుల ఎత్తును యంత్రముతో కొలిచి, ఒకదానితో నొకటి సరిపోల్చి, వంతెన అడుగుభాగమును ఆ మట్టమునకు పైన ఉంతురు. నా మట్టుకు, ఈ సర్వే అంతటిలోను అమూల్యమైన సాక్ష్యము ఆ వృద్ధులదే.

ఇక మలుపులు. బండి వేగము రెట్టింపైనచో మలుపునకు కావలసిన వ్యాసార్ధము నాలుగు రెట్లగును. అప్పుడు రోడ్డు ప్రక్క చేనిలోనికి జరుగవలసి వచ్చును. అచ్చట ఒకరి బావి ఉండును, ఒకరి ఇల్లుండును. 2013 నాటి భూసేకరణ చట్టము పరిహారమునే గాక పునరావాసమును గూడ విధించినది. అందుచే రెండు మూడు మార్గములను పటముపై గీచి, వ్యయమును, నష్టమును పోల్చి చూతురు. ఒక్కొక్కప్పుడు మలుపును ఉన్నట్లే ఉంచి, వేగము తగ్గింపుడని పలక పాతి, మిగిలిన సొమ్ముతో తూములను పెంచుటయే మేలని తేలును.