మూతి పేలిందా? పసిబిడ్డకు ముద్దు వద్దు!

‘‘జ్వరం మూతి మీద పేలింది, ఇక తగ్గిపోయినట్టే’’ అంటుంటారు పెద్దలు. పెదవి అంచున గుత్తిగా లేచే నీటిపొక్కులను కొందరు ఒంట్లో వేడి అనుకుంటారు. రాత్రి ఏదో పురుగు పాకిందని ఇంకొందరు అనుకుంటారు. నిజానికి వీటికి కారణం హెర్పిస్ సింప్లెక్స్ టైప్-1 వైరస్.

ఎందుకు తిరగబెడతాయి?

ఈ వైరస్ చాలామందికి చిన్నతనంలోనే ముద్దులు, లాలాజలం ద్వారా అంటుకుంటుంది. ఒకసారి చేరితే జీవితాంతం పోదు. ముఖానికి స్పర్శనిచ్చే నాడి మొదట్లో నిద్రాణంగా ఉండిపోతుంది. జ్వరం, తీవ్రమైన ఎండ, నిద్రలేమి, ఒత్తిడి, నెలసరి వంటివి తోడైతే మేల్కొని, దాదాపు అదే చోట మళ్లీ పొక్కుతుంది. కాబట్టి మూతి పేలటం జ్వరం తగ్గిందనటానికి గుర్తేమీ కాదు.

చిమచిమలాడినప్పుడే మందు

పొక్కులు రావటానికి కొన్ని గంటల నుంచి ఒకట్రెండు రోజుల ముందే అక్కడ చిమచిమ, మంట, దురద మొదలవుతాయి. మందుకు అదే అదను. అప్పుడే ఎసైక్లోవిర్ క్రీమ్ గానీ, డాక్టర్ సలహాతో వాలసైక్లోవిర్ మాత్రలు గానీ మొదలుపెడితే త్వరగా తగ్గుతుంది. కిడ్నీ జబ్బులుంటే మోతాదు తగ్గించాల్సి ఉంటుంది కాబట్టి ముందే చెప్పాలి. చెక్కు కట్టాక మందుతో ప్రయోజనం తక్కువ. మామూలుగా 7-10 రోజుల్లో వాటంతటవే మానిపోతాయి. సున్నం, టూత్‌పేస్టు, స్టిరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు రాయొద్దు. యాంటీబయాటిక్స్ వైరస్‌ మీద పనిచేయవు. ఎండలో తిరిగినప్పుడల్లా వచ్చేవారు పెదాలకు సన్‌స్క్రీన్ బామ్ రాసుకోవాలి.

పసికందుకు ప్రాణాపాయం

పెద్దలకు ఇది చిన్న ఇబ్బందే. నెల నిండని బిడ్డకు సోకితే మాత్రం కాలేయానికి, మెదడుకు పాకి ప్రాణాల మీదికి రావొచ్చు. పొక్కులు పూర్తిగా మానే వరకూ ఎవరూ బిడ్డను ముద్దాడొద్దు. బారసాలకు వచ్చిన చుట్టాలకు ఈ మాట చెప్పటానికి మొహమాటపడొద్దు. తల్లికే పొక్కులొస్తే చేతులు సబ్బుతో కడుక్కొని, మాస్కు పెట్టుకొని పాలివ్వొచ్చు. రొమ్ము మీద పొక్కులుంటే ఆ వైపు ఇవ్వకూడదు. బిడ్డ పాలు తాగకపోయినా, మత్తుగా ఉన్నా, జ్వరం గానీ పొక్కులు గానీ కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆలస్యం చేయొద్దు

• కన్ను ఎర్రబడి నొప్పి పెడుతుంటే. పొక్కును తాకిన చేత్తో కన్ను నలిపితే వైరస్ అక్కడికీ చేరుతుంది. చూపు దెబ్బతినొచ్చు. సొంతంగా కంటి చుక్కలు వేసుకోవద్దు.
• 2 వారాలైనా మానకపోతే.
• క్యాన్సర్ మందులు వాడుతున్నా, హెచ్ఐవీ, తీవ్రమైన ఎగ్జిమా ఉన్నా.
• తరచూ తిరగబెడుతుంటే. ఇలాంటివారికి నివారణ మాత్రలున్నాయి.

పొక్కులున్నన్నాళ్లు తువ్వాలు, గ్లాసు, లిప్‌స్టిక్ విడిగా పెట్టుకోండి. పొక్కును గిల్లొద్దు. మందు రాసిన ప్రతిసారీ చేతులు కడుక్కోండి.