మానని నోటిపూత – చర్మకణాలను పట్టి ఉంచే మాంసకృత్తు

నోటిపూతకు మన ఇళ్లలో మందులకు కొదువ లేదు. జాజి ఆకు నమలడం, అతిమధురం చూర్ణాన్ని తేనెతో రంగరించి పూయడం, త్రిఫల కషాయంతో పుక్కిలించడం – ఇవన్నీ నేను నలభై ఏళ్లుగా చెబుతున్నవే. సామాన్యమైన పూత వారం పది దినాలలో తగ్గిపోతుంది. ఎన్ని చేసినా తగ్గని పూత ఒకటి ఉన్నది. దానిని గుర్తించడంలో నేనే ఒకసారి పొరబడ్డాను.

కొన్నేళ్ల క్రితం నలభై అయిదేళ్ల గృహిణి ఒకరు నా వద్దకు వచ్చారు. బుగ్గల లోపల, చిగుళ్ల మీద పుళ్లు. కారం మాట అటుంచి మజ్జిగ అన్నం కూడా మింగలేని స్థితి. పిత్తప్రకోపమని నిశ్చయించి ముఖపాకానికి చెప్పిన చికిత్స ప్రారంభించాను. నాలుగు మాసాలు గడిచాయి. ఒకనాడు ఆమె భుజం మీద లేచిన నీటిబొబ్బలు చూపించారు. ప్రక్కనున్న చర్మాన్ని వేలితో కొద్దిగా రాయగానే పైపొర తడిసిన కాగితంలా ఊడి వచ్చింది. నా గుండె గుభేలుమన్నది. ఆ సాయంకాలమే చర్మవైద్యుని వద్దకు పంపించాను. చిన్న చర్మఖండాన్నీ, రక్తాన్నీ పరీక్షించగా అది పెంఫిగస్ వల్గారిస్ అని తేలింది.

మా గురువుగారు శ్లేష్మ శబ్దానికి ‘శ్లిష్’ ధాతువు మూలమనీ, ఆలింగనం దాని అర్థమనీ సుశ్రుతుని అనుసరించి బోధించేవారు. దేహంలో కలిపి ఉంచే పని కఫానిది. చర్మవైద్యుడు ఈ వ్యాధిని వివరిస్తుండగా నాకు ఆ పాఠమే స్ఫురించింది. ఆధునికులు కనుగొన్నదంతా మన గ్రంథాలలో ముందే ఉన్నదని నేను అనబోవడం లేదు. అది పోలిక మాత్రమే.

చర్మంలోని కణాలు ఇటుకల వలె ఊరకే పేర్చి ఉండవు. ఒక కణం ప్రక్క కణాన్ని కొన్ని మాంసకృత్తులతో పట్టుకొని ఉంటుంది. వాటిలో డెస్మోగ్లీన్ ఒకటి. గ్రీకు భాషలో ‘డెస్మోస్’ అంటే బంధం. కాల్షియం ఉంటేనే ఈ పట్టు నిలుస్తుంది. అట్లని ఈ వ్యాధికి కాల్షియం లోపం కారణమనుకొని మాత్రలు మ్రింగరాదు. ఇక్కడ జరిగేది వేరు. శత్రుక్రిములను ఎదుర్కొనవలసిన ప్రతిరక్షకాలు దారితప్పి ఈ బంధాన్నే తెంచుతాయి. నోటి లోపలి పొరలో మూడవ రకం డెస్మోగ్లీన్ ప్రధానం. చర్మంలో ఒకటవ రకం కూడా కాపు కాస్తుంది. అందువల్లనే చాలామందిలో వ్యాధి ముందు నోటిలో కనబడి, రెండింటి మీదా దాడి జరిగినపుడు చర్మానికి ప్రాకుతుంది. ఆమె విషయంలో జరిగినది ఇదే.

రోగుల రక్తంలో ఇటువంటి ప్రతిరక్షకాలున్నాయని 1964లో అమెరికాలో బ్యూట్నర్, జోర్డన్ చూపించారు. అవి దేనిని పట్టుకుంటున్నాయో చాలాకాలం తెలియలేదు. 1991లో జపాను వైద్యుడు అమగాయ్, అమెరికాలో స్టాన్లీతో కలిసి పనిచేస్తూ, మూడవ డెస్మోగ్లీన్ జన్యువును వెలికితీశారు. జన్యువు చేజిక్కితే ఆ మాంసకృత్తును శరీరం వెలుపల తయారు చేసుకోవచ్చును. దీనినే రీకాంబినెంట్ పద్ధతి అంటారు.

తయారీ వింతగా ఉంటుంది. మానవ జన్యుఖండాన్ని పురుగులకు సోకే ఒక వైరస్‌లో చేర్చి, ఆ వైరస్‌ను పురుగు కణాల మీద వదులుతారు. ఇటువంటి పనికి ఎక్కువగా వాడే కణాలు 2018 నుండి మన మొక్కజొన్న చేలను పీడిస్తున్న కత్తెర పురుగు జాతివే! ఆ కణాలు మానవ డెస్మోగ్లీన్‌ను తయారుచేసి ద్రవంలోకి వదులుతాయి. దానిని వడగట్టి శుద్ధి చేస్తారు. బాక్టీరియాలో చవకగా చేయవచ్చును గాని మడతలు సరిగా కుదరవు. మడత తప్పితే రోగి ప్రతిరక్షకాలు దానిని సరిగా గుర్తించవు. 1994లో అమగాయ్ బృందం పురుగు కణాలలో తయారైన డెస్మోగ్లీన్‌తో రోగుల రక్తరసం నుండి ప్రతిరక్షకాలను తొలగించింది. అటుపైన ఆ రసాన్ని ఎలుకపిల్లలకు ఎక్కించినా బొబ్బలు రాలేదు. బొబ్బలకు ఈ ప్రతిరక్షకాలే కారణమని దానితో రూఢి అయినది.

1997 నాటికి దీనితో రక్తపరీక్ష కూడా ఏర్పడింది. చిన్న గుంటలున్న పలకకు డెస్మోగ్లీన్ పూత పూసి, రోగి రక్తరసం వేసి, కడుగుతారు. ప్రతిరక్షకాలుంటే పూతకు అంటుకొని నిలుస్తాయి. తరువాత వేసే ద్రవాలతో, పసుపులో సున్నం పడినట్లు, రంగు తేలుతుంది. రంగు గాఢతను అంకెగా కొలుస్తారు. సాధారణంగా వ్యాధి తగ్గుతుంటే అంకె దిగుతుంది. అంకె ఒక్కదానినే చూసి మందు మార్చరు.

“అంటించే పదార్థమే దొరికినప్పుడు దానినే మందుగా ఇవ్వరాదా?” అని ఆమె భర్త నన్నడిగారు. పరిశోధనశాలలకు మైక్రోగ్రాముల లెక్కన అమ్మే ఆ పొడి ఔషధం కాదు. మ్రింగితే పప్పు వలె జీర్ణమవుతుంది. పూస్తే కణాల నడుమ చేరి కుదురుకోదు. తెగిన బంధాన్ని దేహం తానే మరల అల్లుకోవాలి, అందుకు ముందు ప్రతిరక్షకాలను అణచాలి.

ఆ అణచే మందులు మన వద్ద లేవు. స్టిరాయిడ్లు రాక మునుపు ఈ వ్యాధి సోకినవారిలో అధికులు మరణించేవారు. 2018లో అమెరికా ప్రభుత్వం రిటుక్సిమాబ్ అనే మందునూ దీనికి అనుమతించింది. స్టిరాయిడ్లకు భయపడి, వాటిని హఠాత్తుగా మాని, పసరు మందుకని నా వద్దకు వచ్చేవారున్నారు. వారిని నేను వెనుకకు పంపుతున్నాను. అట్లు మానడం ప్రాణాంతకం.

నోటిపుండు మూడు వారాలు దాటినా మానకపోతే, వదులుగా ఉండి ఇట్టే చిట్లిపోయే బొబ్బలు లేస్తే, రాపిడికి చర్మపు పొర ఊడితే ఇంటి వైద్యం ఆపి చర్మవైద్యుని చూడండి. పచ్చి బొబ్బల మీద పసర్లు, ముద్దలు పట్టించకండి, చీము పడుతుంది.

ఆమె ఇప్పుడు మజ్జిగ అన్నమే కాదు, ఆవకాయ కూడా తింటున్నారు. క్రిందటి నెల రక్తపరీక్ష కాగితం తెచ్చి చూపించారు, అంకె బాగా దిగింది. “శాస్త్రిగారూ, ఇక జాజి ఆకు నమలవచ్చునా?” అని అడిగారు. చర్మవైద్యుని అడిగి చెబుతానన్నాను.