ముగ్గు పోయక ముందే గీత గీసుకోండి

మా దుమ్ముగూడెం కాడ గోదారి మీద పాత ఆనకట్ట ఉంది. 19వ శతాబ్దంల కాటన్ దొర కాలంల, నది మీద పడవలు నడవాలని తలపెట్టిన పని అది. చిన్నప్పుడు ఆ రాళ్లు చూస్తే నాకు ఒకటే అనిపించేది. రాయి మోసినోళ్లు మనసొంటోళ్లే అయి ఉంటరు. కాగితం మీద గీత గీసినోళ్లు మాత్రం వేరేటోళ్లు. గీత ఎవరి చేతిల ఉంటే మాట వాళ్లదే చెల్లుతది.

ఇయ్యాల చెప్పేది ఆనకట్ట సంగతి కాదు, ఇంటి సంగతి. 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇండ్ల పథకం మన భద్రాచలంలనే మొదలుపెట్టిండ్రు. ఇంటికి 5 లక్షలు, విడతల వారీగా ఇస్తరు. పునాది లేస్తే మొదటి లక్ష. షరతు ఏందంటే ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. వినడానికి చిన్న షరతే. కానీ దీనికాడనే మనోళ్లు దెబ్బ తింటున్నరు.

మాకు దగ్గరి ఊళ్లె ఒక కూలి కుటుంబం టౌనుకు పోయి ప్లాను గీయించుకొచ్చింది. కాగితం మీద 20 అడుగులు, 28 అడుగులు అని ఉంది. లెక్క వేస్తే 560. ఇంకా 40 అడుగులు మిగిలింది కదా అని అందరం సంబరపడ్డం. ఆ కొలతలు గోడల లోపలివి అని ఎవరం చూడలే. మేస్త్రీ ఆ కొలత లోపల ఉంచి చుట్టూ 9 అంగుళాల గోడ లేపిండు. బయట నుంచి టేపు పెడితే 21న్నర, 29న్నర. గుణిస్తే 634. బిల్లు ఆగింది. ఆఖరికి ఒక పక్క పునాది ఇప్పి, రెండు అడుగులు లోపలికి జరిపి మళ్లా కట్టిండ్రు. అప్పుకు తెచ్చిన సిమెంటు, నెల రోజుల కూలి గోదాట్ల కలిసినట్టయింది. ప్లాను తెచ్చుకునే రోజు పక్కన నేనూ ఉన్న. చదువుకున్నోడని నన్ను తోలుకపోయిండ్రు. అందుకే ఆ తప్పుల నాకూ పాలుంది.

ఆ నెలల్నే నేను ఒక పాత ల్యాప్‌టాప్ ముందట కూసున్న. నాకు ఎవరూ నేర్పలే, చెడగొట్టుకుంటనే నేర్చుకున్న. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు నా అంత టైము పాడు చేసుకోవద్దని ఇది రాస్తున్న.

సాఫ్ట్‌వేర్ ఏది?

ఆటోక్యాడ్ పేరు అందరు విన్నదే. 1982ల వచ్చింది, ఆఫీసులల్ల ఎక్కువ నడిచేది అదే. కానీ కొనాలంటే మన వల్ల కాదు. చదువుకునే పిల్లలకైతే ఆ కంపెనీనే ఉచితంగ ఇస్తది, కాలేజీ గుర్తింపు చూపించాలె. దొంగ కాపీ ఎక్కించుకుంటే వైరస్ కూడా దానెంటనే వస్తది, ఉన్న ఫైళ్లు పోతయి. ఒక ఇంటి ప్లాను గీయడానికి లిబ్రేక్యాడ్ చాలు. పూర్తిగ ఉచితం, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తది. ఇల్లు నిలబెట్టి చూడాలంటే స్వీట్ హోమ్ త్రీడీ ఉంది, అదీ ఉచితమే. ఇంకా లోతుకు పోయేటోళ్లకు ఫ్రీక్యాడ్ ఉంది. మొదలు ఒక్కటే పట్టుకోండి. లైను, ఆఫ్‌సెట్, ట్రిమ్, కాపీ, మిర్రర్, కొలతలు. ఈ ఆరు పనులు చేతికొస్తే ముప్పావు ఇల్లు వచ్చినట్టే. ఈ ఆరు ఆటోక్యాడ్‌లనూ, లిబ్రేక్యాడ్‌లనూ ఉంటయి.

మొదటి గీతకంటే ముందు యూనిట్లు

కొత్తోళ్లు ఎక్కువ చేసే తప్పు ఇక్కడనే. సాఫ్ట్‌వేర్‌కు అడుగేందో, మీటరేందో తెల్వదు. దానికి తెలిసింది అంకె ఒకటే. మీరు 20 అంటే అది 20 మిల్లీమీటర్లు అనుకోవచ్చు, 20 అంగుళాలూ అనుకోవచ్చు. అందుకే ఫైలు తెరవంగనే యూనిట్లు పెట్టుకోండి.

నా సలహా అంగుళాలు పెట్టుకోమని. మన మేస్త్రీలు మాట్లాడేది అడుగులు, అంగుళాలల్లనే. 20 అడుగులంటే 240, పెద్ద గోడ 9, అడ్డగోడ నాలుగున్నర. చుక్కల లెక్కలు తక్కువ పడతయి. ఆటోక్యాడ్‌ల ఆర్కిటెక్చరల్ యూనిట్లు పెట్టినా లోపల లెక్క అంగుళాలదే. అందుల అడుగు గుర్తు పెట్టకుండ 20 కొడితే 20 అంగుళాల గీతే వస్తది. వైశాల్యం చదరపు అంగుళాలల్ల వస్తే 144తోని భాగించండి. 600 చదరపు అడుగులంటే 86,400 చదరపు అంగుళాలు. ఈ అంకెను గోడ మీద రాసిపెట్టుకోండి.

ఇంకొకటి, స్క్రీను చిన్నగుందని ఇంటిని కుదించి గీయకండి. ఇల్లు ఎంత ఉంటే అంతనే గీయాలె. కుదించేది ప్రింటు తీసేటప్పుడే.

బయట నుంచి లోపలికి

ఆ కుటుంబానికి జరిగింది మీకు జరగొద్దంటే, ముందు బయటి డబ్బా గీయండి. ఉదాహరణకు బయట కొలత 20 అడుగులు, 29 అడుగులు తీసుకుందాం. 580 చదరపు అడుగులు అయితది. సరిగ్గ 600కు గీయకండి. ముగ్గు పోసేటప్పుడు దారం జరగొచ్చు, పైన ప్లాస్టరింగ్ మందం కలుస్తది. ఆ 20 అడుగులు మనకు రక్షణ.

డబ్బా గీసినంక ఆఫ్‌సెట్ 9 పెట్టి లోపలికి ఇంకో గీత లాగండి. ఆ రెండు గీతల నడుమ ఉన్నదే మీ గోడ. లోపల మిగిలేది 18న్నర, 27న్నర. అంటే దాదాపు 509 చదరపు అడుగులు. 71 అడుగులు బయటి గోడలే తింటయి! ఈ ఒక్క లెక్క ఇంట్లోళ్లకు ముందే చూపిస్తే, తర్వాత గది చిన్నగైందని మేస్త్రీతోని పంచాయితీ ఉండదు. యూట్యూబ్‌ల దొరికే ప్లాన్లు దించుకున్నా ముందు చూడాల్సింది ఇదే: కొలత గోడ లోపలిదా, బయటిదా?

గీత గీసేటప్పుడు ఎండ్‌పాయింట్ స్నాప్ ఎప్పుడూ ఆన్‌ల ఉంచండి. అడ్డం, నిలువు గీతలకు ఆర్థో వాడండి, ఆటోక్యాడ్‌ల ఎఫ్8 నొక్కితే అయితది. కంటికి మూల కలిసినట్టే కనబడ్డా, దగ్గరికి జూమ్ చేస్తే వెంట్రుక సందు ఉంటది. ఆ సందు ఉంటే రంగు నింపుడు పనిచేయదు, కొలతల తేడా వస్తది. వైశాల్యం చూడాలంటే లిబ్రేక్యాడ్‌ల ఇన్ఫో మెనూల పాలిగోనల్ ఏరియా ఉంటది. బయటి నాలుగు మూలలు నొక్కి చూసుకోండి. నోటి లెక్కతోని సరిపోవాలె.

ఇంకో లాభం ఉంది. ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలత తీసి ప్లాను మీదనే రాయండి. 20, 29 డబ్బాకు అది 35 అడుగుల 2 ముప్పావు అంగుళాలు. ముగ్గు పోసిననాడు రెండు ఐమూలలకూ టేపు పెడితే రెండూ ఇంతే రావాలె. రాలేదంటే ఇల్లు వంకరపోయినట్టు. మేస్త్రీకి ఈ సంగతి ఎప్పటినుంచో ఎరుకే. అంకె ముందే చేతిల ఉంటే ఆయన పని తేలికైతది, మీ మీద నమ్మకమూ పెరుగుతది.

లేయర్లంటే పారదర్శక కాగితాలు

ఒకదాని మీద ఒకటి పేర్చిన గాజు కాగితాలు అనుకోండి. ఒకదాని మీద గోడలు, ఇంకోదాని మీద తలుపులు కిటికీలు, ఇంకోదాని మీద కొలతలు, ఇంకోదాని మీద కరెంటు, ఇంకోదాని మీద నీళ్ల పైపులు. కరెంటాయనకు ఇచ్చేటప్పుడు మిగతా కొలతలు ఆపేసి ప్రింటు తీయొచ్చు. ఏ గీత గీసేముందైనా ఏ లేయర్ మీద ఉన్నరో చూసుకోండి. ఈ అలవాటు రేపు ఉద్యోగానికీ అక్కరకొస్తది. పట్నాలల్ల ఇంటి అనుమతికి పెట్టే డ్రాయింగులను కంప్యూటరే లేయర్ పేర్లు పట్టి చదివి తప్పులు చెప్పే పద్ధతి వచ్చింది.

తలుపు, మంచం, పొయ్యి అసొంటివి ఒక్కసారి గీసి బ్లాకుగ దాచుకోండి. మళ్లా మళ్లా గీసే పని ఉండదు.

మంచం పట్టకుంటే అది గది కాదు

టౌన్ల గీసే ప్లాన్లల్ల నాకు నచ్చనిది ఇదే. అందరికీ ఒకటే అచ్చు. మన కోయగూడేలల్ల ఇల్లు అంటే నాలుగు గోడలే కాదు. ముందట అరుగు, వడ్లు పెట్టుకునే జాగ, కోళ్ల గూడు, కట్టెల పొయ్యి పొగ పోయే దారి, ఇవన్నీ ఇల్లే. ఇవి టౌన్ల కూసున్నాయనకు తెల్వదు. ఇంట్ల ఉండే అవ్వకు తెలుసు. కాబట్టి మౌస్ పట్టే ముందు ఆ అవ్వ ముందట కూసోని అడగండి. పొద్దున లేస్తే ఏ పని ముందు, నీళ్లు యాడ పెడతవ్, వాన పడితే కట్టెలు యాడ దాస్తవ్ అని.

తర్వాత ఆరున్నర అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మంచం బ్లాకును గదిల పెట్టి చూడండి. తలుపు తెరిస్తే మంచానికి తగులుతదా? బస్తాలు పెట్టినంక మనిషి నడవడానికి రెండున్నర అడుగులు మిగులుతదా? స్క్రీను మీద తలుపు జరపడానికి పైసా ఖర్చు కాదు. గోడ లేసినంక జరపాలంటే ఎంతైతదో మీకు ఎరుకే.

గోదారి గీత

మన మండలంల ప్లాను ఒక్కటే గీస్తే సాలదు, నిలువుకోత కూడా గీయాలె. ఇల్లు పై నుంచి కింది దాకా కోసినట్టు చూపే బొమ్మ అది. భద్రాచలం కాడ గోదారి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986ల 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైల 71.3 అడుగులు. అయితే ఈ అడుగులు మన గడప నుంచి కొలిచినయి కావు, భద్రాచలం గేజీవి. మీ జాగల నీళ్లు ఎంత ఎత్తుకొస్తయో అది చెప్పదు.

అది చెప్పేది పాత గోడ మీది మరక. 2022ల నీళ్లు ఆగిన గుర్తు ఉన్న ఇంటికాడ నుంచి మేస్త్రీ లెవల్ పైపుతోని మీ జాగకు మట్టం తెచ్చుకోండి. నేల నుంచి ఎంత ఎత్తో రాసుకోని, నిలువుకోత మీద నీలి రంగుతోని ఒక గీత గీయండి. దానికి వేరే లేయరే పెట్టండి. ఆ గీత పునాది కిందనే ఉంటే మంచిదే. నడుము ఎత్తుల ఉంటే పునాది ఎంత లేపాలె, స్విచ్చు బోర్డు ఎంత పైకి పోవాలె, వడ్లకు అటక యాడ వేయాలె అన్నది కళ్ల ముందే కనబడతది. గీత స్లాబు మీదికి పోయిందా, ఇక ఎంత మంచి ప్లాను గీసినా దండగే. ఆ జాగల కట్టొద్దు. ఆ కాగితం పట్టుకపోయి వేరే జాగ అడగాలె. నోటితోని చెప్తే, సూద్దాం లే అంటరు. కొలతతోని ఉన్న బొమ్మను అట్ట తీసి పారేయలేరు.

ప్రింటు, ఫైలు

ఏ ఫోర్ కాగితానికి పావు అంగుళం ఒక అడుగు లెక్క బాగ సరిపోతది. సాఫ్ట్‌వేర్‌ల దీన్ని 1:48 అని పెట్టాలె. మన 20, 29 డబ్బా కాగితం మీద 5 అంగుళాలు, 7 పావు అంగుళాలు వస్తది. నెట్ సెంటర్ల ప్రింటు తీసేటప్పుడు ఫిట్ టు పేజ్ తీసేయమనండి, లేకుంటే స్కేలు మొత్తం పోతది. ప్లాను కింద 10 అడుగుల గీత ఒకటి పెట్టండి. కాగితం మీద అది రెండున్నర అంగుళాలు ఉంటేనే ప్రింటు సరైనది. అయినా కట్టేటాయనకు కాగితం మీద స్కేలు పెట్టి కొలిచే పని పెట్టొద్దు, అన్ని కొలతలూ అంకెలల్లనే రాయండి.

తెలుగుల పేర్లు రాస్తే కొన్నిసార్లు ప్రశ్నార్థకాలు పడతయి. ఆటోక్యాడ్‌ల అయితే యూనికోడ్ ఫాంటు పెట్టుకుంటే అక్షరాలు వస్తయి. లిబ్రేక్యాడ్‌ల కుదరకుంటే ప్రింటు మీద పెన్నుతోనే తెలుగుల రాయండి, తప్పేం లేదు. కట్టేటాయన చదవగలగాలె, అంతే.

కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు కాబట్టి ఆటోసేవ్ పెట్టుకోండి. మార్పు చేసినప్పుడల్లా తేదీతోని కొత్త పేరు పెట్టి దాయండి, పాతది చెరపొద్దు. లిబ్రేక్యాడ్ డీఎక్స్‌ఎఫ్‌గ దాస్తది, అది ఆటోక్యాడ్‌లనూ తెరుచుకుంటది. వాట్సాప్‌ల పంపేటప్పుడు ఫొటోగ కాదు, పీడీఎఫ్‌ను డాక్యుమెంటుగ పంపండి. ఫొటో అయితే అంకెలు మసకబారి 8 కాస్త 3 లెక్క కనబడతది.

ఒక్క హద్దు

మీరు గీసేది గదుల అమరిక, కొలతలు. పిల్లరుల ఎన్ని సీకులు, స్లాబుల ఎంత ఇనుము అన్నది మనం ఊహించి రాసే సంగతి కాదు. అది ఇంజనీరు పని. ఆయనను అడిగి, ఆయన చెప్పిందే రాయాలె. ఈ పని మీద ఇష్టం కుదిరితే ఐటీఐల డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ఉంది, పదో తరగతి పాసై ఉంటే రెండేండ్ల కోర్సు.

ఊరికి ఒక్కరు నేర్చుకున్నా చాలు. ముగ్గు పోయక ముందే ఆ ఒక్కరు టేపు, కాగితం పట్టుకోని నిలబడితే, ఇంకో ఇంటి పునాది ఇప్పే పని రాదు. ఈ ఆదివారం మీ సొంత ఇల్లే కొలవండి. బయట నుంచి మొదలుపెట్టండి.