చర్మం రంగు మార్చే ఇంజెక్షన్లు: తెలుసుకోవలసిన సంగతులు

ఎండలో పొలం పని చేసేవారి చేతులు ఎందుకు నల్లబడతాయి? చర్మంలో మెలనోసైట్లు అనే రంగు కణాలున్నాయి. వాటిపై మెలనోకార్టిన్ రిసెప్టర్లు ఉంటాయి. వీటిని తాళాలనుకోండి. ఎండ తగిలినప్పుడు చర్మంలో ఆల్ఫా ఎం.ఎస్.హెచ్. అనే హార్మోను తయారై, తాళంచెవిలా ఆ తాళాన్ని తెరుస్తుంది. అప్పుడు కణం నల్లరంగు తయారుచేస్తుంది. ఆ రంగు చర్మానికి గొడుగులాంటిది.

ఈ హార్మోను 13 అమైనో ఆమ్లాల గొలుసు. ఇలాంటి చిన్న గొలుసును పెప్టైడ్ అంటారు. ఇది రక్తంలో కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది. 1980లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు అందులో రెండు ఆమ్లాలను మార్చి కృత్రిమ పెప్టైడ్‌ను తయారుచేశారు. ఇది త్వరగా విరగదు, తాళాన్ని గట్టిగా పట్టుకుంటుంది. దీని పేరు అఫమెలనోటైడ్. ఎండ సోకితే భరించలేని మంట పుట్టే ఒక రకం ప్రోటోపార్ఫిరియా అనే అరుదైన జబ్బు ఉన్న పెద్దవారికి దీనిని చర్మం కింద అమర్చుతారు. ఐరోపాలో 2014లో, అమెరికాలో 2019లో అనుమతి లభించింది.

ఇలాంటి తాళాలు మన శరీరంలో 5 రకాలు. మొదటిది చర్మంలో రంగుకు సంబంధించినది. నాలుగోది మెదడులో ఉండి ఆకలిని అదుపు చేస్తుంది. అందుకే చెవి ఏ తాళాన్ని తెరుస్తుందన్నది ముఖ్యం.

మెలనోటాన్-2 అనే మరో పెప్టైడ్ ఒక్క తాళంతో ఆగదు. తెల్లగా ఉన్నవారు నల్లబడటానికి విదేశాల్లో కొందరు దీనిని ఇంటర్నెట్‌లో కొని, తామే పొడుచుకుంటున్నారు. దీనికి అమెరికాలో గాని, ఐరోపాలో గాని అనుమతి లేదు. వికారం, వాంతులు, ముఖం ఎర్రబడటం, ఆకలి తగ్గడం, మగవారిలో తగ్గని అంగస్తంభన కలగవచ్చు. పుట్టుమచ్చలు నల్లబడతాయి, కొత్తవి పుడతాయి. అప్పుడు ప్రమాదకరమైన మచ్చను గుర్తించడం కష్టమవుతుంది. సీసాలో నిజంగా ఏముందో కూడా తెలియదు.

మీ పిల్లలు, బంధువులు విదేశాల్లో ఉంటే ఈ సంగతి చెప్పండి. ఎవరైనా అలాంటి సీసా పంపితే వాడకండి, మాకు చూపించండి.

మరొక మాట. ఎండకు వెళ్ళకపోయినా చిగుళ్ళు, అరచేతి గీతలు నల్లబడుతూ నీరసం, బరువు తగ్గడం, లేచినప్పుడు కళ్ళు తిరగడం ఉంటే అశ్రద్ధ చేయకండి. అది అడిసన్ జబ్బు కావచ్చు. అందులో పెరిగిపోయే ఏ.సి.టి.హెచ్. హార్మోను కూడా చర్మంలోని ఆ తాళాన్నే తెరుస్తుంది. సకాలంలో వస్తే మాత్రలతో అదుపులో ఉంచవచ్చు, ఆలస్యమైతే ప్రాణాపాయం. రంగు మారిందని సిగ్గుపడి ఇంట్లో ఉండిపోకండి, డాక్టరుగారికి చూపించుకోండి.